సంతకం కాగితం మీద ఎర్ర గింజలు

ఆ గురువారం పొద్దున ఫోన్లో ఎడ్వర్డ్ అన్నది "తౌఖీ". ఫరీదుద్దీన్‌కు వినపడింది "తవ్వకం". తౌఖీ అంటే అరబ్బీలో సంతకం. తవ్వకం అంటే ఏ దేశంలోనైనా చెమటే. అందువల్ల ఆరున్నరకు దోహా శివారు అబూ హమూర్‌లో ఎడ్వర్డ్ గది ముందు పికప్ ఆగేసరికి దాని వెనకాల ఒక పార, ఒక గంప, ఒక నీళ్ళ డబ్బా సిద్ధంగా ఉన్నాయి.

ఫరీదుద్దీన్ దిగి, గొంతు బాగా తగ్గించి, "ఎవరు పోయిండ్రు తమ్మీ?" అని అడిగాడు.

"ఎవరూ పోలేదు ఫరీద్ భాయ్. సంతకం అన్నాను. అబూ జాసిమ్ గారి సంతకం."

"సంతకానికి పార ఎందుకు?"

"అదే నేనూ అడుగుతున్నాను."

పార మాత్రం బండిలోనే ఉండిపోయింది. దాన్ని దించేసి ఉంటే ఎడ్వర్డ్ ఎనిమిదింటికల్లా సంతకంతో ఇంటికొచ్చి ఉప్మా తినేవాడు, ఈ కథ రాయాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

ఎడ్వర్డ్‌ది కాకినాడ. అబూ జాసిమ్ కంపెనీ పెద్ద స్టోరుకు నాలుగేళ్ళుగా కీపరు. భార్య సుసన్న, అయిదేళ్ళ కూతురు షెరిన్ కాకినాడలోనే ఉన్నారు. ఎడ్వర్డ్ విమానం ఎక్కిన నాటికి షెరిన్‌కు ఇంకా సరిగా నడక రాలేదు. ఇప్పుడా పిల్లకు నాన్న అంటే ఒక టేప్‌రికార్డరు. నెలకో క్యాసెట్టు వస్తుంది, అందులోంచి నాన్న మాట్లాడతాడు. క్యాసెట్టు అయిపోయి బటన్ టప్పున పైకి లేస్తే, "నాన్న పడుకున్నాడు, అరవకండి" అని వీధిలో పిల్లలందరినీ కసురుతుంది. ఈ సంగతి సుసన్న తన క్యాసెట్లో నవ్వుతూనే చెప్పింది. ఎడ్వర్డ్ నవ్వలేదు. ఆ రోజే ఫ్యామిలీ వీసా దరఖాస్తు నింపాడు.

దరఖాస్తులో అన్నీ పడ్డాయి, యజమాని సంతకం ఒక్కటి తప్ప. అబూ జాసిమ్ ఆ మధ్యాహ్నం లండన్ వెళుతున్నాడు. ఎండలు తగ్గాక, మూడు నెలలకు గానీ తిరిగి రాడు. పాస్‌పోర్టు ఆఫీసు పన్నెండింటికి మూస్తారు. దోహా స్కూల్లో షెరిన్ సీటు నెలాఖరు దాకానే ఆగుతుంది. అంటే సంతకం ఈ పూట పడాలి. లేకపోతే షెరిన్ నాన్న ఇంకో ఏడాది టేప్‌రికార్డర్లోనే పడుకోవాలి. ప్రయాణానికి ముందు అబూ జాసిమ్ ముఐథర్‌లోని యార్డు ఒకసారి చూసుకుంటాడని తెలిసి, ఇనుపపెట్టెలు, ట్యాంకులు తయారయ్యే ఆ యార్డుకు ఎడ్వర్డ్ మొట్టమొదటిసారి బయల్దేరాడు. స్టోరు అబూ హమూర్‌లో, యార్డు ముఐథర్‌లో. నాలుగేళ్ళలో సరుకు వెళ్ళింది గానీ స్టోర్‌కీపరు ఎన్నడూ వెళ్ళలేదు.

ఇక ఫరీదుద్దీన్. యాభై దాటిన డ్రైవరు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట ఆయన ఊరు. పేరుకు గరీబుల పేటేగాని గుట్ట కింద వాగులో గార్నెట్ అనే ఎర్ర రాళ్ళు దొరికేవని, నవాబుకు నెత్తిన రత్నాలుంటే తమకు కాళ్ళ కింద ఉండేవని, పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక సర్వే దొర వెంట రెండు ఎండాకాలాలు సంచీ సుత్తీ మోసి రాయిని చూడగానే జాతి చెప్పడం నేర్చానని ఆయన క్యాంపులో పదకొండేళ్ళుగా చెబుతున్నాడు. ఖతర్లో ఈ పదకొండేళ్ళూ ఆయనకు గుర్తుపట్టడానికి ఒక్క రాయీ ఎదురుపడలేదు. కింద సున్నపురాయి, దాని మీద ఇసుక, దాని మీద టొయోటా. ఇంతే ఈ దేశపు పొరలు. విద్య ఉండి వాడుక లేని మనిషి ఎంత ప్రమాదకారో ఆ పొద్దునే తేలింది.

ముఐథర్ రోడ్డు పైపుల కోసం తవ్వి ఉంది. తవ్వకం అన్న మాట మొత్తానికి వృథా పోలేదు. ఎడారిలో ఏ దారైనా దారే అనేది ఫరీదుద్దీన్ సిద్ధాంతం. యార్డు వెనక గోడ పక్కనుంచి అడ్డదారి పట్టాడు. అడ్డదారి అడ్డం తిరిగింది. వెనక చక్రం దిగబడి గింజుకుంది. గింజుకున్న కొద్దీ దిగబడింది. ఫరీదుద్దీన్ పార అందుకున్నాడు. రెండు పారల తెల్ల ఇసుక తీశాడు. మూడో పారకు, గింజుకున్న చక్రం కిందనుంచి గింజలు బయటపడ్డాయి.

"తమ్మీ, వాచీ చూసుడు బంద్ చేసి ఇటు చూడు."

ఎడ్వర్డ్ చూశాడు. పార నిండా ఎరుపు. ఇటుక ఎరుపు కాదు, కారం ఎరుపు కాదు. ఎవరో దానిమ్మపండును గసగసాలంతగా నూరి, ప్రతి గింజలోనూ ఒక దీపం పెట్టినట్టుంది. తెల్లటి ఆ ఎడారి మధ్య, ఏడింటి ఎండలో, ఆ పిడికెడు మేర మాత్రం సాయంకాలమైంది. ఎడ్వర్డ్ చేతిలోని ఫైలు సంగతి, అందులోని దరఖాస్తు సంగతి, దరఖాస్తు వెనకాల ఉన్న కాకినాడ సంగతి ఒక నిమిషం పాటు పూర్తిగా మరిచిపోయాడు. అలా మరిచిపోయినందుకు తరవాత చాలాకాలం తనను తాను తిట్టుకున్నాడు గానీ, ఆ నిమిషం మాత్రం బాగుందని ఒప్పుకునేవాడు.

ఫరీదుద్దీన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వయసు ముప్ఫయ్యేళ్ళు వెనక్కి జారింది. ఒక చేత్తో మామూలు ఇసుక, ఇంకో చేత్తో ఎర్రది పట్టుకుని తూచాడు. ఎర్రది బరువు. ఉమ్మితో తడిపి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. నలగలేదు. తరవాత, గాజు ఏమైనా ఉందా అంటూ అటూ ఇటూ చూసి, దొరికిన ఒకే ఒక్క గాజును ఎడ్వర్డ్ ముక్కు మీదనుంచి తీసి, దాని మీద ఒక గింజ అదిమి లాగాడు. కళ్ళద్దం మీద సన్నటి గీత పడింది. తిరిగి పెట్టుకుంటే ఎడ్వర్డ్ కుడికంటికి లోకం రెండు ముక్కలుగా కనపడింది.

"ఏంటి భాయ్ ఇది, కొత్త కళ్ళజోడు."

"గాజును గీసింది. శుభం. ఇప్పుడు తెల్లకాయితం కావాలె."

ఎడ్వర్డ్ ఫైలును గుండెకు హత్తుకున్నాడు. చుట్టూ కనుచూపు మేర తెల్లకాగితం మరొకటి లేదు. ఫరీదుద్దీన్ చొరవగా ఫైలు తెరిచి దరఖాస్తును బోర్లించాడు. "ముంగటి దిక్కు నీది, ఎనక దిక్కు నాది. భయపడకు" అని ఖాళీగా ఉన్న వీపు మీద గింజలను ఒకే పొరగా పరిచాడు. కుప్పలో నల్లగా కనపడ్డవి కాగితం మీద విడివిడిగా పడేసరికి వెలుగు దూరి ద్రాక్షరసం రంగుకు తిరిగాయి. నారింజ వైపు మొగ్గితే వేరే రకమని, ఇలా ఊదాకు మొగ్గితే అల్మండీన్ అని సర్వే దొర చెప్పాడట. అదైనా సరిచూసుకోవాలంటే అయస్కాంతం కావాలి. పికప్ తలుపులోని స్పీకరు, దాని వెనకాలి అయస్కాంతంతో సహా, ఊడి వచ్చింది. కాగితం కింద ఆ స్పీకరును మెల్లగా జరిపితే కొన్ని గింజలు, పెళ్ళిచూపులకు పిలిచిన పిల్లల్లా ఇష్టం లేనట్టే కదిలాయి.

"కెంపయితే కదలదు తమ్మీ. దీంట్ల ఇనుముంది. ఇది అల్మండీన్ గార్నెట్. నా ఊరి రాయి." ఫరీదుద్దీన్ ఒక గింజను అరచేతిలోకి తీసుకున్నాడు. "కానీ ఒక్క ముచ్చట నాకు సమజైతలేదు. మా వాగుల దొరికేదానికి పన్నెండు మొకాలుంటయి. దీని మూలలు అరిగినయి. ఇది నీళ్ళల్ల దొర్లిన రాయి, సముద్రం ఒడ్డుది. ఈడ దీని తల్లిరాయి లేదు. తల్లి లేని పిల్ల ఈడికి ఎట్లొచ్చింది?"

ఆ ప్రశ్న వినాల్సిన మనిషి అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఆయన పేరు జలంధర్. పేరులో జలం, ఉద్యోగం ఎడారిలో. కంపెనీ కాగితాలను ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిప్పే మందూబ్ ఆయనే. ఎడ్వర్డ్ దరఖాస్తును పాస్‌పోర్టు ఆఫీసుకు తీసుకెళ్ళాల్సిందీ ఆయనే. గోడ వెనకాల ఇద్దరు మనుషులు మోకరిల్లి ఉండటం చూసి దగ్గరికొచ్చి, కాగితం మీద ఎర్రటి మెరుపు చూసి, "నా ఊరి రాయి" వరకు విని, ఎవరూ చూడకుండా రెండు పిడికిళ్ళు ఎర్ర ఇసుక తీసుకుని, యజమాని దగ్గరికి దౌడు తీశాడు. యార్డు గేటు చేరేలోగా నలుగురు తారసపడ్డారు. మొదటివాడికి గార్నెట్ అని చెప్పాడు. రెండోవాడికి రత్నాలన్నాడు. మూడోవాడికి కెంపులన్నాడు. నాలుగోవాడికి ఏమీ చెప్పలేదు, చూపించాడు. ఆయన మేజోళ్ళు అప్పటికే గరగరమంటున్నాయి.

పావుగంటలో అబూ జాసిమ్ వచ్చాడు. తెల్లటి గడ్డం, వేలికి అకీకు రాయి ఉంగరం, తొందరపాటు అంటే ఏమిటో తెలియని పెద్దమనిషి. ప్రయాణానికి వీడ్కోలు చెప్పడానికి వచ్చిన బంధుమిత్రులంతా ఆయన వెనకాలే మూడు బళ్ళలో వచ్చారు. మనుషులు వచ్చాక కూర్చోబెట్టాలి, కూర్చున్నాక కాఫీ పోయాలి. ఇసుక మీద తివాచీ పరిచారు. కాఫీ కూజా వచ్చింది. అబూ జాసిమ్ ఎర్ర గింజలున్న కాగితాన్ని రెండు చేతులా అందుకుని, బిస్మిల్లా అనుకుని, కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు.

ఎడ్వర్డ్ పరిస్థితి ఊహించండి. ఏ కాగితం ఎవరి చేతుల్లో పడాలని ఇన్నాళ్ళూ తపించాడో ఆ కాగితం ఆ చేతుల్లోనే ఉంది, బోర్లా. రాయాల్సిన చేతిలో రాళ్ళున్నాయి. అబూ జాసిమ్ దాన్ని ఎండకెత్తి చూసినప్పుడల్లా వెనకనుంచి వెలుగు దూరి "సుసన్న" అన్న పేరు తలకిందులుగా మెరుస్తోంది. ఎడ్వర్డ్ ధైర్యం చేసి నోరు తెరిచాడు. తెరిచిన నోటికి ఒక కాఫీ కప్పు అందింది. మర్యాదకు తాగేసి మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ కప్పు నిండింది. చాలు అనుకున్నవాడు ఖాళీ కప్పును కొద్దిగా ఊపి ఇవ్వాలని, ఊపనంత సేపూ పోస్తూనే ఉంటారని స్టోరులో కూర్చున్నవాడికి ఎవరు చెబుతారు? ఏడో కప్పు దగ్గర ఫరీదుద్దీన్ జాలిపడి, "ఊపు తమ్మీ, ఊపు" అని గొణిగాడు. ఎడ్వర్డ్ తల ఊపాడు. ఎనిమిదో కప్పు వచ్చింది.

పది దాటింది. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే వంగి, గింజలను వేలితో తాకి, సుబ్‌హానల్లా అనుకుంటున్నారు. ఒకాయన తన తాత కాలంలో ఇక్కడ ఒక ఒంటె కాలికి ఎర్రరాయి గుచ్చుకుందని గుర్తుతెచ్చుకున్నాడు. కంచె వేయించాలని, కాపలా పెట్టాలని జలంధర్ పథకాలు చెబుతున్నాడు. అబూ జాసిమ్, ఈ రాళ్ళ సంగతి తేలేదాకా ఎవరూ ఇక్కడనుంచి కదలవద్దని, ఏ కాగితం మీదా తాను సంతకం పెట్టనని తేల్చేశాడు. ఎడ్వర్డ్ ఎనిమిది కప్పుల కాఫీ ఒక్కసారిగా చల్లబడింది.

అప్పుడాయన ఫరీదుద్దీన్ వైపు తిరిగి, గల్ఫులో అందరూ మాట్లాడే ఆ హిందీలో, ఇదేమిటో నువ్వు చెప్పు అన్నాడు. పదకొండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. ఫరీదుద్దీన్ లేచి నిలబడ్డాడు. ఇది కెంపు కాదని, అల్మండీన్ అనే గార్నెట్ అని మొదలుపెట్టి, బరువూ గీతా రంగూ అయస్కాంతమూ వరసగా వివరించాడు. మైళ్ళ లోతున కొండ కొండనే నలిపి ఉడికిస్తే ఇది పుడుతుందని, కోట్ల ఏళ్ళకు ఆ కొండ అరిగిపోతే బయటపడి, ఏటిలో దొర్లి, సముద్రం దాకా పోతుందని చెప్పాడు. కాఫీ పోసేవాడు కూడా కూజా దించి విన్నాడు.

"మరి ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు అబూ జాసిమ్.

"అదే తెల్వది షేక్. ఈడ పుట్టలేదు. నా పానం చెప్తుంది, ఇది మా దిక్కు సముద్రం ఒడ్డుది."

బంధువులు నవ్వారు. రాయి కూడా పని కోసం ఇండియానుంచే రావాలా అన్నారెవరో. అబూ జాసిమ్ మాత్రం నవ్వలేదు. ఫరీదుద్దీన్ ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడు గోడ మలుపు తిరిగి ఒక లోడరు వచ్చింది. దాని తొట్టి నిండా ఎర్ర ఇసుక, చిరిగిన సంచులు. నడిపేవాడు హనుమప్ప, రాయదుర్గం మనిషి, యార్డులో బ్లాస్టింగ్ మేస్త్రి. రోజూ పోసే చోట తివాచీ, తివాచీ మీద యజమాని కనపడేసరికి కంగారుపడి బ్రేకుకు బదులు ఇంకేదో నొక్కాడు. తొట్టి వంగింది. అబూ జాసిమ్ కాళ్ళ ముందు జరజరమని మోకాలెత్తు రత్నాల కుప్ప పడింది.

హనుమప్ప లోడరు దిగి చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపాయ సామీ," అన్నాడు హనుమప్ప. "దినామూ ఈడే పోస్తా ఉంటి. సాప పరిచినారని తెలీకపాయ."

ఏమిటిది అని అడిగితే హనుమప్ప అందరివైపూ విచిత్రంగా చూశాడు. ఇనుము మీద తుప్పు వదిలించే ఇసుక అన్నాడు. గాలిపంపులో పెట్టి కొడితే ట్యాంకు వెండిలా తెల్లబడుతుందట. చలికాలంలో కురిసిన వానకు యార్డులో చాలా సంచులు తడిశాయి. తడిసినది గడ్డకట్టి పైపులో ఇరుక్కుంటుంది కాబట్టి గోడవతల పారబోస్తున్నారు. గాలి దాని మీద తెల్ల ఇసుక కప్పింది. అంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు. ఇంతకూ ఈ సరుకు ఎక్కడనుంచి వస్తుంది అన్నాడు అబూ జాసిమ్.

"అబూ హమూర్ స్టోరు నుంచి సామీ. ఎడ్వర్డ్ సార్ పంపిస్తారు. రెండేండ్లాయ."

హనుమప్ప కిందపడ్డ సంచి ఒకటి లేపి చూపించాడు. పైన గోనె, దాని మూతికి కట్టిన చీటీ, చీటీ మీద "బ్లాస్టింగ్ సరుకు, నంబరు నలభై ఏడు" అని, కింద ఆకుపచ్చ సిరాతో ఎడ్వర్డ్ సంతకం. గోనె చిరిగినచోట లోపలి సంచి కనపడింది. దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు: అల్మండీన్ గార్నెట్, విశాఖపట్నం రేవు. ఫరీదుద్దీన్ కూడబలుక్కుంటూ చదివాడు. మళ్ళీ చదివాడు. తరవాత ఆ సంచి మీద అరచెయ్యి పెట్టి, చిన్ననాటి దోస్తును తడిమినట్టు తడిమాడు. జాతి తప్పలేదు, రంగు తప్పలేదు, తల్లి ఊరు కూడా తప్పలేదు. చేసిన తప్పల్లా స్టోర్‌కీపరును అడగకపోవడం. ఆ స్టోర్‌కీపరు కళ్ళజోడు మీదే ఆయన గీత గీశాడు.

"ఎడ్వర్డ్ ఎవరు?" అన్నాడు అబూ జాసిమ్.

ఎడ్వర్డ్ లేచాడు. హనుమప్ప ఎగాదిగా చూసి, "మీరేనా సార్? ఇంతకాలం మీ సంతకాన్నే చూసినాను, మిమ్మల్ని చూసేది ఇదే" అని చెయ్యి కలిపాడు. ఆ మర్యాదకు అది సమయం కాదు.

"రెండేళ్ళు ఈ సంచులు నీ దగ్గర ఉన్నాయి. లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదా?" అని అడిగాడు యజమాని.

"లేదండీ. మూతి కట్టి వచ్చింది, మూతి కట్టే పంపాను. విప్పడం నా పని కాదనుకున్నాను."

అది ఉద్యోగం పోయే జవాబని జలంధర్‌కు అర్థమైంది. అప్పుడే కొంచెం పక్కకు జరిగాడు. ఎడ్వర్డ్‌కు టేప్‌రికార్డరు బటన్ టప్పున లేచిన చప్పుడు వినపడింది. వీసా మాట దేవుడెరుగు, ఆ మధ్యాహ్నమే తననూ విమానం ఎక్కిస్తారేమో అనుకున్నాడు.

అబూ జాసిమ్ తన వాళ్ళ వైపు తిరిగి, అరబ్బీలో మెల్లగా నాలుగు ముక్కలు అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. కొందరి చేతులు జేబుల్లోకి వెళ్ళాయి. ఫరీదుద్దీన్ ఎడ్వర్డ్ చెవిలో తెలుగు చేశాడు.

"పొద్దుగాల సంది ఈడికొచ్చినోళ్ళందరి జేబుల్ల నా ఇసుకుంది, రెండేండ్లు దాని మీద కూసున్నోని జేబు మాత్రం ఖాళీగుంది అంటుండు షేక్."

తివాచీ చుట్టూ జేబులు దులుపుతున్న చప్పుడు. జలంధర్ ఒక పక్కకు పోయి మేజోళ్ళు తిరగేశాడు. తుప్పు వదిలించే ఇసుక తప్పు కూడా వదిలించగలదని ఆ రోజు తేలింది.

అబూ జాసిమ్ కాగితం మీది గింజలను ఒక్కటి కూడా జారకుండా తన రుమాల్లోకి వంచుకున్నాడు. ఖాళీ అయిన కాగితాన్ని అలవాటు చొప్పున తిరగేశాడు. ముందువైపు చదివాడు. భార్య పేరు, కూతురు పేరు, వయసు. తలెత్తి ఎడ్వర్డ్‌ను చూశాడు.

"ఇదేమిటి?"

నాలుగేళ్ళనుంచి కూడబెట్టుకున్న అరబ్బీ వాక్యం ఒక్క మాటగా బయటికొచ్చింది. "తౌఖీ."

ఆయన హనుమప్ప తెచ్చిన సంచి మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. కింద ఏదో గింజ ఇరుక్కుని పేరు మధ్యలో చిన్న బుడిపె లేచింది. జలంధర్ ఆ కాగితం అందుకుని, వచ్చేటప్పటికన్నా తేలికైన కాళ్ళతో పరుగెత్తాడు. పన్నెండుకు అయిదు నిమిషాల ముందు పాస్‌పోర్టు ఆఫీసులో ముద్ర పడింది.

మళ్ళీ కాఫీ వచ్చింది. అబూ జాసిమ్ అడిగితే ఫరీదుద్దీన్ మొత్తం కథ మొదటినుంచి అందరికీ విప్పి చెప్పాడు: కాకినాడ టేప్‌రికార్డరు, గరీబ్‌పేట వాగు, నలభై ఏడో నంబరు సంచి, చివరికి తౌఖీ తవ్వకమై పార ఎందుకు వచ్చిందో కూడా. ఒంటె కాలికి రాయి గుచ్చుకుందన్న ముసలాయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అబూ జాసిమ్ లండన్ వెళ్ళేటప్పుడు ఆ రుమాలు మూటను జేబులో పెట్టుకునే వెళ్ళాడు. అది కెంపు కాదని తెలిశాక కూడా. ఎడ్వర్డ్ ఈసారి కప్పు ఊపాడు.

తరవాతి నెల క్యాసెట్టులో సుసన్న, కాకినాడనుంచి ఏమేం తెమ్మంటావని అడిగింది. ఎడ్వర్డ్ జవాబు రికార్డు చేశాడు: ఆవకాయ తీసుకురా, అప్పడాలు తీసుకురా, షెరిన్ బొమ్మ మర్చిపోకు, మన సముద్రపు ఇసుక మాత్రం నీకన్నా ముందే వచ్చేసింది, దానికి సంతకం నేనే పెట్టాను.